నడిచి ఎక్కిన కేదారం

అమలాపురం సముద్ర మట్టానికి 3 మీటర్ల ఎత్తులో ఉంటుంది. గోదావరికి వరదొస్తే లంకల్లో ఆ కాస్త ఎత్తూ మిగలదు. ఇక్కడ పుట్టినవాడికి ఎత్తంటే ఏటిగట్టు, కొబ్బరిచెట్టు, మహా అయితే అన్నవరం కొండ. ఇలాంటి నేల మీద నుంచి తరతరాలుగా జనం బయల్దేరి 11,755 అడుగుల ఎత్తున్న కేదారానికీ, 10,279 అడుగుల బదరికీ వెళ్ళొచ్చారు. ఇప్పటికీ ఏటా వైశాఖం రాగానే వెళ్తున్నారు. వాళ్ళను తీసుకెళ్ళి తీసుకురావడమే నా బతుకు. మొదట యాత్రా స్పెషల్ బస్సులో వంటవాళ్ళ వెనక గిన్నెలు తోమే కుర్రాణ్ణి. తర్వాత గరిటె చేతికొచ్చింది, ఆ తర్వాత సొంతంగా బస్సు మాట్లాడుకుని యాత్ర నడిపాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. పల్లపు జనానికి అంత ఎత్తు ఎలా ఒంటబట్టిందన్నదే నేను రాయదలచుకున్న సంగతి. భక్తి సంగతి అందరూ చెబుతారు. నేను నడక సంగతి చెబుతాను.

పూర్వం మనవాళ్ళకు ఉత్తరాది యాత్రంటే కాశీయే. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ గయలు చూసుకుని మళ్ళీ ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. డేరాలు, బోయీలు, పరివారం ఉన్న పెద్దమనిషికే అంత కాలం పట్టింది. మామూలు గృహస్థైతే అప్పులు తీర్చుకుని, పొలం కాగితాలు కొడుకుల చేతిలో పెట్టి, చుట్టాలందరి దగ్గరా సెలవు పుచ్చుకుని మరీ గుమ్మం దిగేవాడు. తిరిగొచ్చినవాళ్ళు మూతికి లక్క వేసిన రాగి చెంబుల్లో గంగ తెచ్చి, పూజ చేసి, బంధువులందరినీ పిలిచి కాశీ సమారాధన చేసేవారు. మా వైపు అది ఇప్పటికీ ఉంది. రెండు రోజుల్లో విమానంలో వెళ్ళొచ్చినవాళ్ళు కూడా భోజనాలు పెడుతున్నారు, గంగచెంబుకు నమస్కరించి మరీ విస్తరి ముందు కూర్చుంటున్నారు.

కాశీ దాటి హిమాలయానికి మామూలు కుటుంబాల వాళ్ళు కూడా వెళ్ళడం రైలు వచ్చాక పెరిగింది. హరిద్వారానికి 1886లోనే రైలు పడింది. మన రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో తెరిచారు. అమలాపురానికి నేటికీ రైలు రాలేదు గానీ, అప్పట్లో కాలువలే మన దారులు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు చేలకు నీళ్ళిచ్చినట్టే పడవలకు దారీ ఇచ్చాయి. మూటా ముల్లె సర్దుకుని కాలువ పడవలో బొబ్బర్లంక దాకా వెళ్ళి, గౌతమి దాటి ధవళేశ్వరం, అక్కణ్ణించి రాజమండ్రి స్టేషను. రైళ్ళు మారి మారి కొద్ది రోజుల్లో హరిద్వారంలో దిగేవారు. అసలు యాత్ర అక్కడ మొదలయ్యేది, కాళ్ళతో.

రిషీకేశ్ దాటాక గంగ మీద లక్ష్మణ్‌ఝూలా. అక్కడ 1889లో కలకత్తా వ్యాపారి సూరజ్‌మల్ ఝున్‌ఝున్‌వాలా తీగల వంతెన వేయించాడు. 1924 వరదలో అది కొట్టుకుపోతే మళ్ళీ కట్టి 1930లో తెరిచారు. వంతెన దాటిన మనిషి ఇక కొండ మనిషే. దారి పొడుగునా నాలుగైదు మైళ్ళకో చట్టీ ఉండేది. చట్టీ అంటే పైన ఆకులో పలకలో కప్పిన పాక, పక్కన ఒక కొట్టు. కొట్టువాడి దగ్గర పిండీ పప్పూ కొనుక్కుంటే వండుకోడానికి గిన్నెలు వాడే ఇచ్చేవాడు, పడుకోడానికి చోటుకి డబ్బు తీసుకునేవాడు కాదు. డబ్బులేని సాధువులకూ బీదవాళ్ళకూ కాళీ కమ్లీవాలా బాబా క్షేత్రం వాళ్ళ ధర్మశాలలు. నల్ల కంబళి కప్పుకు తిరిగిన స్వామి విశుద్ధానంద 1880లలో మొదలుపెట్టిన ఆ ఏర్పాటు లేకపోతే దక్షిణాది బీదవాళ్ళు ఎందరో కేదారం మొహం చూసేవారు కాదు. నడవలేనివాళ్ళకు వీపు మీద మోసే కండీ, నలుగురు మోసే దండీ. కేదారం నడక మొదలయ్యే గౌరీకుండ్‌లో ఇవి ఇవాళ్టికీ దొరుకుతాయి.

మా ఊళ్ళో ఒక మామ్మగారు పెళ్ళైన కొత్తలో అత్తగారితో కలిసి నడిచి వెళ్ళొచ్చింది. నేను యాత్రలు మొదలుపెట్టినప్పుడు కబురు పెట్టి పిలిపించుకుంది. “ఏరా, రోజుకెంత దూరం నడిపిస్తావు మనుషుల్ని?” అనడిగింది. “నడకేంటండి మామ్మగారూ, గౌరీకుండ్ దాకా బస్సేనండి” అన్నాను. ఆవిడకి నచ్చలేదు. తెల్లవారుజామున లేచి నాలుగైదు మైళ్ళు నడిచి, ఎండెక్కకుండా చట్టీలో దిగి, వండుకు తిని, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం ఇంకో చట్టీ దాకా నడిచేవాళ్ళమని చెప్పింది. అలా వారాల తరబడి. “ఒక్కనాడు కూడా తల తిరగలేదురా నాకు” అంది. ఆ మాట నాకు చాలా ఏళ్ళ దాకా అర్థం కాలేదు.

అర్థమయ్యేట్టు చెప్పింది మా బస్సులో వచ్చిన ఒక డాక్టరుగారు. కాకినాడ రంగరాయ కాలేజీలో చదివినాయన. పైకి వెళ్ళేకొద్దీ గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదట, కిందైనా పైనైనా నూటికి ఇరవయ్యొక్క పాళ్ళే. తగ్గేది గాలి ఒత్తిడి. కేదారం దగ్గర ఆ ఒత్తిడి మన అమలాపురంలో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులే. అంటే అక్కడ మూడు గుక్కల్లో అందేది ఇక్కడి రెండు గుక్కలంతే. ఒళ్ళు ఊరుకోదు, వెంటనే ఊపిరి వేగం పెంచుతుంది. ఆ వేగానికి రక్తంలో ఆమ్లం క్షారం లెక్క తప్పుతుంది. దాన్ని సరిచేసే పని మూత్రపిండాలది, అవి రోజుల మీద చేస్తాయి. రక్తంలో ఎర్రకణాలు పెరగడానికి వారాలు పడుతుంది. ఈలోపు తొందరపడితే తలనొప్పి, వాంతులు, ఆకలి చావడం, నిద్ర పట్టకపోవడం. ఇంకా ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది, మనిషి పోతాడు. అందుకే 10,000 అడుగులు దాటాక పడుకునే చోటు రోజుకి 1,500 అడుగులకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒకచోటే ఆగిపోవాలనీ వైద్యులు పెట్టుకున్న లెక్క. మామ్మగారి చట్టీల లెక్క పెట్టి చూడండి. గుప్తకాశీ 4,300 అడుగులు, గౌరీకుండ్ 6,500. అక్కడికి చేరడానికే వారాలు. మధ్యలో ఏకాదశి వస్తే ఆగేవాళ్ళు, వానొస్తే ఆగేవాళ్ళు. డాక్టర్లు పుస్తకాల్లో రాసుకున్న జాగ్రత్తను ఆ బాట తనంతట తానే చేయించింది.

కొండవాళ్ళు ఈ జబ్బును ఎప్పటినుంచో ఎరుగుదురు. కనుమల మీద పెరిగే మొక్కల్లోంచి విషపుగాలి వస్తుందని, దానివల్లే తల తిరుగుతుందని భోటియాలూ టిబెట్‌వాళ్ళూ నమ్మేవారు. కారణం వేరైనా వాళ్ళ జాగ్రత్త మాత్రం సరైనదే: కనుమ మీద ఆగకుండా దాటి దిగిపొమ్మనేవారు. ఎత్తులో గాలి ఒత్తిడి తగ్గి, ప్రాణవాయువు చాలకే ఈ జబ్బంతా అని ఫ్రాన్సులో పాల్ బెర్ అనే శాస్త్రవేత్త ఒత్తిడి గదుల్లో పరీక్షలు చేసి 1878లో పుస్తకం రాశాడు.

ఇక్కడ మన గోదావరి మనిషొకాయన గురించి చెప్పాలి. ఎత్తుతో అంతగా కాపురం చేసిన తెలుగువాడు ఆ రోజుల్లో ఇంకొకరు నాకు తెలియదు. కనకదండి వేంకట సోమయాజులుగారు 1896లో ఒక పల్లెలో పుట్టారు, ఆ పల్లె తర్వాత తూర్పు గోదావరి జిల్లాలో చేరింది. లాహోరులో డి.ఏ.వి. కాలేజీలో చదివి, అక్కడే రైల్వే లెక్కల ఆఫీసులో ఉద్యోగం చేశారు. సహాయ నిరాకరణ రోజుల్లో ఉద్యోగం వదిలి కాంగ్రెసు పనిలోకి దిగారు. పశ్చిమ గోదావరిలో కొన్నేళ్ళు ఆ పని చేశాక సన్యసించి స్వామి ప్రణవానంద అయ్యారు. ఆయన గురువు కూడా గోదావరివారే, భీమవరం దగ్గర గోరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద. తర్వాత అణు భౌతిక శాస్త్రవేత్తయి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల నెలకొల్పింది ఆయనే.

ప్రణవానందగారు 1928లో కాశ్మీరు నుంచి లడఖ్ మీదుగా మొదటిసారి కైలాసం వెళ్ళారు. 1935 నుంచి ఏటా వెళ్ళడం మొదలుపెట్టారు. చాలామంది అల్మోరా నుంచి వెళ్ళేవారు. అల్మోరా నుంచి ధార్చులా, గర్బ్యాంగ్, కాలాపానీ, లిపులేఖ్ కనుమ, తక్లాకోట్ మీదుగా కైలాసానికి దాదాపు 240 మైళ్ళు. లిపులేఖ్ ఎత్తు 16,000 అడుగులు దాటింది. కైలాస ప్రదక్షిణ దారిలో వచ్చే డోల్మా కనుమ 18,000 అడుగుల పైమాటే. అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గరున్నదాంట్లో సగం. ఆ సగం గాలిలో ఆయన ఒక్కసారి కాదు, ఇరవైకి పైగా ప్రదక్షిణలు చేశారు.

యాత్రికుడు దర్శనం చేసుకుని దిగివస్తాడు. ఆయన ఉండిపోయారు. 1936-37లో మానస సరోవరం దక్షిణపు ఒడ్డున ఉన్న తుగోల్హో గుంపాలో, అంటే బౌద్ధ మఠంలో, ఏడాది పొడుగునా కాపురం పెట్టారు. ఆ గుంపా దాదాపు 15,000 అడుగుల ఎత్తున ఉంది. డిసెంబరు ఆఖర్లో సరస్సు గడ్డకట్టడం, మంచు పగుళ్ళు పడుతూ చప్పుళ్ళు చేయడం, మే నెలలో కరగడం, అన్నీ తారీఖులతో సహా రాసుకున్నారు. పక్కనున్న రాక్షసతాల్ ఎలా గడ్డకట్టిందో దానితో పోల్చి చూశారు. సింధు, బ్రహ్మపుత్ర, సట్లెజ్, కర్ణాలి నదులు ఎక్కడ పుడుతున్నాయో స్వయంగా వెళ్ళి చూసి, అప్పటికి ముప్పై ఏళ్ళ క్రితం స్వీడన్ అన్వేషకుడు స్వెన్ హెడిన్ చెప్పిన మూలాల్లో కొన్ని సరికావని రాశారు. ఆ వ్యాసం 1939లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. అదే ఏడు కలకత్తా విశ్వవిద్యాలయం ఆయన టిబెట్ పరిశోధన గ్రంథాన్ని అచ్చువేసింది. 1949లో వచ్చిన కైలాస మానసరోవర గ్రంథానికి నెహ్రూగారు ముందుమాట రాశారు. 1940లలో ఆయన మానస సరోవరంలో పడవ కూడా వేశారు, జ్ఞాన నౌక అని దాని పేరు. గోదావరి సీమలో పుట్టినవాడు 15,000 అడుగుల నీళ్ళ మీద పడవ నడిపాడని చదివినప్పుడు నా ఒళ్ళు పులకరించింది. 1976లో పద్మశ్రీ ఇచ్చారు. 1989లో పోయారు. మన బడి పుస్తకాల్లో ఆయన పాఠం ఉండాలి. లేదు.

నాలాంటి వాడికి ఆయన కైలాస మానసరోవర పుస్తకంలో అన్నిటికంటే విలువైనవి చివరి పట్టికలు. ఏ మజిలీ నుంచి ఏ మజిలీకి ఎన్ని మైళ్ళు, ఆ చోటి ఎత్తెంత, అక్కడ కొట్టుందా, కట్టెలు దొరుకుతాయా, ఇవన్నీ యాత్రికుడి కోసం వరసగా ఇచ్చారు. అందులో ఎత్తుల వరస చదువుతుంటే తెలుస్తుంది, ఆ బాటలో మనిషి ఎంత మెల్లగా పైకి చేరేవాడో. గర్బ్యాంగ్ 10,000 అడుగుల చిల్లర. అక్కడ గుర్రాలు, సామాను, తోడు కుదుర్చుకోడానికి యాత్రికులు కొద్ది రోజులు ఆగాల్సివచ్చేది. ఆ ఆగడం బేరాల కోసమే అయినా లిపులేఖ్ దాటడానికి ఒంటికి బలమిచ్చింది అదే.

ఆ ఆగడం లేకపోతే ఏమవుతుందో 1962 చైనా యుద్ధంలో తెలిసింది. మన సైనికులను కిందినుంచి విమానాల్లో లడఖ్ ఎత్తులకు తీసుకెళ్ళి దించారు. శత్రువు కంటే ముందు ఎత్తు కొందరిని పడగొట్టింది. ఎత్తులో ఊపిరితిత్తుల్లో నీరు చేరడం గురించి అమెరికాలో చార్లెస్ హౌస్టన్ 1960లో రాశాడు. మన సైన్యం డాక్టర్లు ఇందర్ సింగ్ బృందం దాదాపు రెండు వేల మంది జవాన్లను చూసి 1969లో రాసిన వ్యాసం ఈ విషయంలో ప్రపంచమంతా చదివే పాఠమైంది. అప్పటినుంచి సైన్యంలో మొదటి మెట్టుకి ఆరు రోజులు, తర్వాత రెండు మెట్లకి నాలుగేసి రోజులు ఆగనిదే ఎవరినీ పైకి పంపరు. జవాను ఎంత కండబలం ఉన్నవాడైనా సరే.

ఆ యుద్ధమే యాత్రికుల నడకను కూడా మాన్పించింది. సరిహద్దు రోడ్ల సంస్థ 1960లో పుట్టింది. సైన్యం కోసం వేసిన రోడ్లు జోషీమఠ్ దాటి బదరి గుడి దాకా వెళ్ళాయి. చట్టీలు ఒక్కొక్కటీ పాడుబడ్డాయి. ఇప్పుడు బదరికి రిషీకేశ్ నుంచి బస్సులో ఒకటిన్నర రోజు. కేదారానికి గౌరీకుండ్ నుంచి నడక 14 కిలోమీటర్లుండేది. 2013 జూన్ 16, 17 తేదీల వరదలో చోరాబారీ సరస్సు తెగి సగం దారిలో ఉన్న రాంబాడా మొత్తం పోయింది, ఎంతమంది మనవాళ్ళు ఆ రెండు రోజుల్లో అక్కడ చిక్కుకున్నారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం దిగదు. తర్వాత నది అవతలి గట్టున కొత్త బాట వేశారు, అది మునుపటి కంటే పొడుగు. ఫాటా, గుప్తకాశీల నుంచి హెలికాప్టర్లు ఉన్నాయి. నిన్న సాయంత్రం రాజమండ్రిలో విమానం ఎక్కినవాళ్ళు రేపు మధ్యాహ్నానికి 11,755 అడుగుల మీద ఉండొచ్చు. 2022లో తలుపులు తెరిచిన నెల తిరక్కుండానే నాలుగు ధామాల దారిలో వందమందికి పైగా యాత్రికులు చనిపోయారు. ఎక్కువమందికి గుండె ఆగిందన్నారు. తర్వాత ఉత్తరాఖండ్ ప్రభుత్వం దారిలో ఆరోగ్య పరీక్షలు పెట్టింది.

మా వంటవాళ్ళకు ఈ ఎత్తు ముందే తెలుసు, పొయ్యి మీద. పైన నీళ్ళు 88 డిగ్రీలకే మరుగుతాయి. మరుగుతున్నాయి కదాని కందిపప్పు వేస్తే గంటల తరబడి గింజలాగే ఉంటుంది. అందుకే పైకి పెసరపప్పు, కుక్కర్లు తీసుకెళ్తాం. శొంఠి, మిరియాల చారు, అటుకులు, పాత చింతకాయ పచ్చడి. ఆకలి చచ్చినవాడికి కూడా వేడివేడి చారన్నం నాలుగు ముద్దలు దిగుతుంది, నీళ్ళు కూడా ఒంట్లోకి వెళ్తాయి. నీళ్ళు తాగించడమే అక్కడ సగం వైద్యం. చలికి జనం తాగరు.

రాజోలు వైపు పెద్దాయనొకరు ఒకసారి బదరిలో రాత్రి పూట మంచం మీద లేచి కూర్చున్నారు. పడుకుంటే ఊపిరాడటం లేదు, దగ్గుతున్నారు, పెదాలు నల్లబడ్డాయి. “పొద్దున్న అభిషేకం చూసి దిగుదామండి బాబూ, ఇంత దూరం వచ్చి...” అని నా చెయ్యి పట్టుకున్నారు. నేను ఒప్పుకోలేదు. డ్రైవరును లేపి, గేటు దగ్గర పోలీసువాళ్ళను బతిమాలి జోషీమఠ్ దించేశాం. అది 6,000 అడుగుల చిల్లర. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, తెల్లారేసరికి కాఫీ అడిగారు. తర్వాత చాలాకాలం బతికారు. నాకు తెలిసినంతలో ఈ జబ్బుకి దిగడాన్ని మించిన మందు లేదు. మాత్రలున్నాయి, సిలిండర్లున్నాయి, అవి దిగేదాకా ఊపిరి నిలబెడతాయి.

కొండ నడక మన తెలుగువాళ్ళకు రాదని ఎవరైనా అంటే నేను మాలావత్ పూర్ణ పేరు చెబుతాను. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్‌తో కలిసి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, అప్పటికి ఆ పిల్లకి పద్నాలుగేళ్ళు నిండలేదు. భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లడఖ్‌లలో నెలలపాటు ఎక్కుతూ దిగుతూ ఒంటిని అలవాటు చేశారు వాళ్ళకి. నెల్లూరు జిల్లాలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లోకి ఒంటరిగా వెళ్ళి అక్కడే పోయాడు. అంతటివాడికి కూడా కొండ మినహాయింపు ఇవ్వలేదు.

మూతపడ్డ కైలాసం దారి 1981లో మళ్ళీ తెరిచారు, 2020 నుంచి ఆగిపోయి 2025లో మళ్ళీ మొదలైంది. ధార్చులా నుంచి లిపులేఖ్ వైపు ఇప్పుడు జీపులు వెళ్తాయి. ప్రణవానందగారి కాలంలో రోజుల తరబడి నడిచిన దూరం ఒక పగటి ప్రయాణం. అయినా గుంజిలో యాత్రికులను ఆపుతారు. దాదాపు 10,500 అడుగుల ఎత్తున్న ఆ ఊళ్ళో ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు (ఐటీబీపీ) డాక్టర్లు రక్తపోటు, ఊపిరి చూసి, తేడా ఉన్నవాళ్ళను అక్కణ్ణించే వెనక్కి పంపుతారు. అలా వెనక్కి వచ్చి ఏడ్చినవాళ్ళను నేనెరుగుదును. వాళ్ళ ఏడుపు నాకు అర్థమవుతుంది, డాక్టర్ల పట్టుదల ఇంకా బాగా అర్థమవుతుంది.

మొన్న కొత్తపేట నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. మా ఆఫీసులో మా అబ్బాయి లేడు, నేనే ఎత్తాను.

“కేదారం ఎన్ని రోజులండీ?”

“రిషీకేశ్ ఒక రాత్రి, గుప్తకాశీ రెండు రాత్రులు, గౌరీకుండ్ ఒక రాత్రి, తర్వాత పైకండి.”

“గుప్తకాశీలో రెండు రాత్రులెందుకండీ? చూసేదేముంది అక్కడ? వేరేవాళ్ళు ఒక్కరోజులో తీసుకెళ్తామంటున్నారు.”

“విశ్వనాథుడి గుడి ఉందండి, చూద్దురుగాని. మీకు బీపీ ఉందా అమ్మా?”

“ఆయ్, ఉందండి.”

“అయితే మూడు రాత్రులుందామండి.”